నొప్పి ఉందా అని అడిగే ఉద్యోగం

నర్సు ఉద్యోగంలో నేను అన్నిటికన్నా ఎక్కువసార్లు పలికిన మాట మందుల పేరు కాదు, దేవుడి పేరూ కాదు. నొప్పి. నొప్పి ఉందా, ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి, తగ్గిందా. గుడివాడలో చేరిన మొదటి రోజు నుంచి, అవనిగడ్డలో కొన్నేళ్ళు చేసి, బందరులో రిటైరయ్యేదాకా ఇదే పాట. ఇంట్లో మా ఆయనకి కాఫీ ఇస్తూ "ఎక్కడ?" అని అడిగానని ఆయన ఇప్పటికీ చుట్టాల ముందు చెప్పి నవ్వుతుంటారు. అడిగే ఉంటాను.

ఈ మధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన నర్సమ్మాయిలు ఇద్దరు మా ఇంటికొచ్చి, "మీ అనుభవాలు రాయండి మేడమ్" అన్నారు. నేను మారిన ఆసుపత్రులూ ప్రమోషన్లూ ఏకరువు పెడితే వాళ్ళకి నిద్ర వస్తుంది. అందుకని ఈ ఒక్క మాట గురించి రాస్తున్నాను. అసలు ఈ మాట ఎక్కడిది, మన పక్క భాషలవాళ్ళు దీన్నేమంటారు అని నాకు ఒక వయసులో పిచ్చి పట్టింది. ఆ పిచ్చి నాకు చాలా నేర్పింది. ఇదే మాట అడిగి, వచ్చిన జవాబు రాసుకుని, ఒక మనిషిని చేతులారా చంపబోయాను కూడా. రెండూ దాచకుండా చెబుతాను.

అన్నమ్మగారి తెలుగు

తొంభైల మధ్యలో బందరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేశాను. పేరు ఎందుకులెండి. అక్కడ మా మేట్రన్ అన్నమ్మగారు. కేరళ ఆవిడ. మన వైపు వచ్చి ఇరవై ఏళ్ళు దాటినా ఆవిడ తెలుగు ఆవిడదే. దుప్పటి మూల సరిగ్గా మడవకపోతే మంచం మొత్తం ఊడదీసి మళ్ళీ వేయించేది. మా గోళ్ళు చూసేది, చెప్పులు చూసేది. ఆవిడ ఎదురొస్తుందంటే మేం పక్క వార్డులోకి దూరేవాళ్ళం. నా సర్వీసులో అంతకంటే కఠినమైన పై అధికారిని చూడలేదు, అంతకంటే మంచి అధికారినీ చూడలేదు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చని కొత్తగా చేరినవాళ్ళు నమ్మరు. నేనూ నమ్మలేదు.

ఒకరోజు కాన్పుల గదిలో ఆవిడ ఒక అమ్మాయి పొత్తికడుపు మీద చెయ్యి వేసి, "నోవు వచ్చిందా?" అని అడిగింది. నాకు నవ్వు ఆగలేదు. గుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని బయటికొచ్చేశాను. ఆవిడ నా వెనకే వచ్చింది.

"ఎందుకు నవ్వుతావు సరోజినీ?"

"ఏం లేదు మేడమ్. నోవు అన్నారు."

"ఆ అమ్మాయి వచ్చిందండీ అని చెప్పింది. ఆమెకి అర్థమయింది. నీకు అర్థం కాలేదా?"

ఆవిడ చేతులు కడుక్కుంటూ, తిట్టడానికి కాకుండా చెప్పడానికన్నట్టు చెప్పింది. వాళ్ళ భాషలో నొప్పిని నోవు అంటారట. కాన్పు నొప్పుల్ని పేట్టునోవు అంటారట. "మా అమ్మమ్మ పొయ్యి దగ్గర కూర్చుని మాట్లాడినట్టే మీరు మాట్లాడతారు, కొంచెం గట్టిగా మాట్లాడతారు, అంతే" అంది.

అప్పటిదాకా నొప్పి అంటే నొప్పే అనుకున్నాను. రోజూ ఆనుకునే గోడకి చరిత్ర ఉంటుందని ఎవరనుకుంటారు? ఆ రోజునుంచి నాకది పట్టుకుంది. మన వాళ్ళు "ఆ మాటకి నొచ్చుకున్నాడు" అంటారు కదా, "వాళ్ళని నొప్పించకు" అంటారు కదా, ఇవన్నీ ఒక తల్లి పిల్లలేనా అని తోచింది. సెలవు రోజు లైబ్రరీకి వెళ్ళి, దక్షిణాది భాషల మాటలన్నీ పక్కపక్కన పెట్టిన ఒక లావుపాటి నిఘంటువు తీయించాను. లైబ్రేరియన్ నన్ను పైనుంచి కిందికి చూసి, "పరీక్షలేమైనా రాస్తన్నారా అండీ?" అన్నాడు. లేదన్నాను. ఇంకొంచెం అనుమానంగా చూశాడు.

అందులో ఉంది. తెలుగులో నొప్పి, నొవ్వు, నొచ్చు. కన్నడంలో నోవు. మలయాళంలో నోవు. తమిళంలోనూ నోవు, ఇంకో అడుగు వేసి నోయ్ అంటే అసలు జబ్బు అనే అర్థం. అన్నిటి అడుగునా ఒక్క చిన్న ముక్క ఉందన్నారు. నో. ఒంట్లో బాధపడటం. ఆ ముక్క తమిళుల దగ్గరికి వెళ్ళి రోగమై కూర్చుంది. మన దగ్గర ఒంటినీ మనసునీ రెంటినీ పట్టుకుంది. ఎన్ని వేల మంది, ఎన్ని తరాలు, నడుము పట్టుకుని ఈ ఒక్క శబ్దం చేసి ఉంటారో అనుకుంటూ ఆ పేజీ మొత్తం కాగితం మీదికి ఎక్కించుకున్నాను.

మోపిదేవిలో

ఆ మధ్యే మోపిదేవి గుడి దగ్గర తిరునాళ్ళకి వైద్య శిబిరం పెడితే నన్ను పంపారు. ఎండ, జనం, తలనీలాలు ఇచ్చిన బోడిగుండ్లు. ఒక ముసలావిడ కుంటుకుంటూ వచ్చింది. అరవ దేశం నుంచి బస్సులో వచ్చిన గుంపులో ఆవిడ. శిబిరంలో మాలో ఎవరికీ ఆ భాష రాదు. పక్కనున్న కాంపౌండరు చేతులతో సైగలు మొదలుపెట్టాడు. ఆవిడ విసుగ్గా పాదం ఎత్తి చూపించి, "నోవుదు, నోవుదు" అంది.

"నొప్పెడుతోందంటోంది" అన్నాను నేను.

"మీకు అరవం వచ్చా సిస్టర్?" అన్నాడు కాంపౌండరు.

"రాదు. ఈ ఒక్కటి వచ్చు" అన్నాను. పాదంలో గాజు పెంకు ఉంది. తీసి కట్టు కట్టాను. ఆవిడ నా గడ్డం పట్టుకుని ఏదో దీవించింది. అది మాత్రం అర్థం కాలేదు. బస్సెక్కి అవనిగడ్డ మీదుగా ఇంటికొస్తుంటే నా అంతటి నర్సు ఈ డెల్టాలో లేదని గట్టిగా అనిపించింది. నాలుగు భాషల్లో నొప్పి తెలిసినదాన్ని మరి.

ఇంకో సంగతి కూడా గమనించాను. మన జనం అన్నిటికీ నొప్పి అనరు. పుండు సలుపుతుంది. పిక్కలు పీకుతాయి. కళ్ళు లాగుతాయి. నడుము పట్టేస్తుంది. కీళ్ళకి తీపులు. చెవికి పోటు. నాట్లు వేసి వచ్చిన ఆడవాళ్ళు నడుము మీద చెయ్యేసుకుని "ఇక్కడ విరిగిపోతందండి" అంటారు తప్ప నొప్పి అనరు. ఇవన్నీ ఒక నోట్‌బుక్కులో రాసుకునేదాన్ని. డ్యూటీ డాక్టర్లకి ఆ పుస్తకం చూపిస్తే సరదాగా నవ్వి ఇచ్చేసేవాళ్ళు. నాక్కొంచెం గర్వంగానే ఉండేది.

నేను రాసిన లేదు

అలా గర్వంగా ఉన్న రోజుల్లోనే వీరభద్రం వచ్చాడు.

సోమవారం ఓపీ, ఇసుక వేస్తే రాలనంత జనం. డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు రోగిని అడిగి చీటీ మీద రాయడం నా పని. యాభైకి దగ్గరపడ్డ మనిషి. చేతివేళ్ళకి నలుపూ ఎరుపూ కలిసి బాగా ఇంకిన రంగు. చూడగానే పెడన అద్దకంవాడని తెలుస్తుంది. కలంకారీ గుడ్డ మీద చెక్క అచ్చులు కొట్టేవాళ్ళ వేళ్ళకి పట్టిన రంగు స్నానంతో వదలదు. వెనక భార్య నిలబడి ఉంది. పేరు నాగమణి అని తర్వాత తెలిసింది. గది ఇరుకు. "పేషెంటు ఒక్కరే ఉండాలమ్మా, మీరు బయట నిలబడండి" అన్నాను. ఆమె నోరు తెరవబోయి, ఊరుకుని బయటికి వెళ్ళింది.

"ఏంటి ఇబ్బంది?"

"గుండెల మీద ఎవరో కూచున్నట్టు ఉందండి. బరువు. పొద్దున చెమటలు పోసినయ్యి."

"నొప్పి ఉందా?"

"నొప్పేం లేదండి."

"చేతుల్లో?"

"చేతుల్లో రోజూ ఉండేయేనండి. అచ్చులు కొట్టే పని కదా."

నేను రాశాను. ఛాతీ బరువు, చెమట. నొప్పి లేదు. కింద గీత కూడా గీశాను. డాక్టరు కొత్తగా వచ్చిన కుర్రాడు, గుమ్మం దాకా జనం. నా చీటీ చూశాడు, గీత చూశాడు, గ్యాసుకి బిళ్ళలు రాసి, తగ్గకపోతే రేపు రమ్మన్నాడు. గుండె పరీక్ష మిషను పక్కగదిలో ఖాళీగా ఉంది. నొప్పి లేదు కాబట్టి దాని ఊసే రాలేదు.

తప్పు డాక్టరు మీదికి తోసెయ్యడం తేలిక. నేనూ కొన్నాళ్ళు తోశాను. ఇప్పుడు తొయ్యను. ఆయన నమ్మింది నా చేతిరాతని.

ఓపీ అయ్యాక అన్నమ్మగారు చీటీలన్నీ తిరగెయ్యడం అలవాటు. నేను అన్నం కేరియరు విప్పుతున్నాను. ఒక చీటీ పట్టుకుని నా ముందుకొచ్చింది.

"నొప్పి లేదు. ఇది ఎవరి మాట? అతనిదా, నీదా?"

"అతనే అన్నాడు మేడమ్."

"ఏం పని చేస్తాడు?"

"పెడనలో అద్దకం."

"పొద్దున్నుంచి సాయంత్రం దాకా పిడికిలితో బల్ల మీద కొట్టే మనిషి. అతని చేతికి నొప్పి లేదు అని రాశావు. నువ్వు నమ్మావా?"

కేరియరు మూత చేతిలోనే ఉంది. ఆవిడ గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది.

"వెళ్ళి తీసుకురా" అంది.

"అడ్రసు లేదు మేడమ్. ఊరి పేరే ఉంది."

"అడ్రసు కూడా నువ్వే రాయలేదు" అంది.

పెడనలో

డాక్టరు విషయం విని తెల్లబోయాడు. నాలుక కింద పెట్టే బిళ్ళ కాగితంలో చుట్టి ఇచ్చి, "ఆటోలో కూర్చోబెట్టి తీసుకురండి సిస్టర్, నడిపించకండి" అన్నాడు. బస్సెక్కాను. పెడన అంత దూరమేం కాదు, కానీ ఆ రోజు బస్సు ప్రతి స్టేజీలోనూ ఆగింది. కిటికీ పక్కన కూర్చుని ఒకటే అనుకుంటున్నాను. పోయి ఉంటే ఎవరికి చెప్పుకోవాలి, ఏమని చెప్పుకోవాలి. నా నోట్‌బుక్కులోని నాలుగు భాషలూ నాకప్పుడు గుర్తు రాలేదు.

పెడనలో వీరభద్రం ఎవరని అడగడం బందరులో సుబ్బారావు ఎవరని అడగడమే. మగ్గం గుంటలో కూర్చున్న పెద్దాయన ఒకాయన చేతిలో నాడె పక్కన పెట్టి, "ఏ వీరభద్రం కావాలమ్మా, అచ్చులు కొట్టేవాడా, అచ్చులు చెక్కేవాడా?" అన్నాడు. కొట్టేవాడన్నాను. కాలవ వైపు సందు చూపించాడు.

ఆ సందులో నాలుగైదు షెడ్లు. అన్నిట్లోంచీ పిడికిలి దెబ్బల చప్పుడు. దబ్, దబ్, దబ్, ఒకే తీరుగా. ఒక్క షెడ్డులోంచి మాత్రం రెండు దెబ్బలు వినపడి ఆగిపోతోంది. కాసేపటికి మళ్ళీ రెండు. నేను అందులోకే వెళ్ళాను.

వీరభద్రం బల్ల ముందు నిలబడి ఉన్నాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. బతికి ఉన్నాడు.

"మీరొకసారి ఆసుపత్రికి రావాలండీ. ఆటో పిలుస్తాను."

"ఎందుకండీ, బిళ్ళలు వేసుకున్నాను. ఈ దుప్పటి సగంలో ఉంది. ఆపితే రంగు తేడా వచ్చుద్ది."

"గుండె పరీక్ష చెయ్యాలి."

"నొప్పి లేదని చెప్పాను కదమ్మా" అన్నాడు, నేనేదో మర్చిపోయినట్టు. అచ్చు తీసుకోబోయాడు.

అప్పుడు మూల నీళ్ళ తొట్టి దగ్గరనుంచి నాగమణి లేచొచ్చింది. చేతులు చీరకి తుడుచుకుంటూ నాతోనే మాట్లాడింది, ఆయనతో కాదు.

"రెండు దెబ్బలకోసారి ఆగుతన్నాడండి. మొన్నటిదాకా దుప్పటి అయ్యేదాకా తల ఎత్తేవాడు కాదు. రెండ్రోజుల్నించి ఎడం చెయ్యి ఒళ్ళో పడేసుకునే అన్నం తింటన్నాడు. పడుకుంటే ఊపిరాడట్లేదని గోడకి ఆనుకుని కూచుంటన్నాడు."

"ఊరుకోవే" అన్నాడాయన.

"ఇదంతా పొద్దున చెప్పలేదేమ్మా?" అన్నాను నేను. గొంతులో కాస్త కోపం కూడా ఉందనుకుంటా. నర్సులకి అదొక జబ్బు.

"నన్ను బయట నిలబెట్టారు కదండీ" అంది.

నిష్ఠూరంగా అనలేదు. జరిగింది చెప్పింది, అంతే. ఆయన చేతిలోంచి అచ్చు లాక్కుని, "ఇక దీన్ని ముట్టుకుంటే నా మీద ఒట్టే" అని తలుపు వెనక పెట్టేసింది. బిళ్ళ నాలుక కింద పెట్టించి, ఇద్దరం చెరో భుజం పట్టుకుని ఆటోలో వెనక్కి ఆనించి కూర్చోబెట్టాం. మిషను కాగితం చూడగానే డాక్టరు బెజవాడకి ఫోన్ చేశాడు. పొద్దు వాలకముందే అంబులెన్సు కదిలింది. గుండెకి నెత్తురు వెళ్ళే దారి మూడొంతులు మూసుకుపోయిందని అక్కడ చెప్పారు. మనిషి బతికాడు.

రెండో స్టూలు

అన్నమ్మగారు ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు. నాకు మెమో ఇవ్వలేదు. మర్నాడు నా గదిలోకి వెళితే రోగి కూర్చునే స్టూలు పక్కన ఇంకో స్టూలు ఉంది.

"ఇది ఎవరికి మేడమ్?"

"వెంట వచ్చినవాళ్ళకి" అని వెళ్ళిపోయింది.

ఆ ఇరుకు గదిలో రెండో స్టూలు పడితే నేను పక్కకి తిరిగి నడవాల్సి వచ్చేది. మోకాలికి ఎన్నిసార్లు తగిలిందో. తీసెయ్యలేదు.

కొత్తగా చేరినవాళ్ళకి చెప్పేది ఇదే. ఇప్పుడు మీకు ఫారాలు వచ్చాయి. నొప్పి పదికి ఎంత అని అడిగి అంకె వేస్తున్నారు. నేను రిటైరయ్యేముందు అది మొదలైంది. కోడూరు నుంచి వచ్చిన ఒక రైతుని అడిగితే, "పదికి పది వేస్తే ముందు పిలుస్తారాండీ?" అన్నాడు. అంకె వెయ్యండి, వద్దనను. కానీ అంకె వేశాక పెన్ను పక్కన పెట్టి, ఏం పని చేస్తారో అడగండి. ఆ పని ఎలా చేస్తారో చేసి చూపించమనండి. ఇంట్లో ఎవరు పక్కన కూర్చుని అన్నం పెడతారో వాళ్ళని అడగండి. టైము లేదంటారు. నాకూ లేదు. పెడన వెళ్ళి రావడానికి మాత్రం మధ్యాహ్నమంతా పట్టింది.

మళ్ళీ పెడన

నాకు ఒకటే కుతూహలం మిగిలిపోయింది. అంత బరువు మోస్తూ ఆయన నొప్పి లేదని ఎందుకన్నాడు? దానికి నేనొక సిద్ధాంతం తయారు చేసుకున్నాను. మన వాళ్ళు గుండెపోటు అంటారు కదా. పోటు అంటే పొడిచినట్టు ఉండాలి. ఆయన పొడుస్తుందేమోనని చూశాడు, పొడవలేదు, అందుకని లేదన్నాడు. ఎంత చక్కగా కుదిరిందో అనుకున్నాను. నోట్‌బుక్కులో ఒక పేజీ నిండా రాశాను. కొన్ని నెలల తర్వాత ఒక ఆదివారం, సంచీలో ఆ పుస్తకం, నాలుగు బత్తాయిలు పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను.

వీరభద్రం షెడ్డు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పిడికిలి దెబ్బ కొట్టకూడదని డాక్టర్లు గట్టిగా చెప్పారట. వేళ్ళ రంగు వెలిసిపోయి మామూలు మనిషి వేళ్ళలా ఉన్నాయి. లోపల బల్ల దగ్గర నాగమణి అద్దకం చేస్తోంది. ఒకప్పుడు గుడ్డలు ఉతికి ఆరబెట్టడమే ఆమె పని. ఇప్పుడు అచ్చులూ ఆమే కొడుతోంది.

కుశలం అయ్యాక అడిగాను. "ఆ రోజు నేను నొప్పి ఉందా అంటే లేదన్నారు. ఎందుకన్నారండీ? గుండెలో పొడిచినట్టు లేదనా?"

ఆయన కాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, నన్ను సంతోషపెట్టడానికి కాదు.

"అదేం కాదండీ. నొప్పి ఉంటే పని ఆపేత్తాం కదా. నేను ఆపలేదు. ఆపలేదు కాబట్టి నొప్పి కాదనే అనుకున్నాను."

నేను సంచీలోంచి నోట్‌బుక్కు తీయలేదు. ఏ నిఘంటువులోనూ లేని అర్థం అది, నా సిద్ధాంతంలోనూ లేదు. ఆ షెడ్లన్నిట్లో, ఆ చేలల్లో, ఆ పడవల మీద ఆ మాటకి అసలు అర్థం అదేనేమో. అంటే నేను ఇన్నేళ్ళు అడిగింది నొప్పి ఉందా అని కాదు, పని మానేశారా అని. అందరూ లేదనే చెప్పారు.

"మరి ఇప్పుడో?" అన్నాను.

"ఇప్పుడు కూర్చోబెట్టేశారు కదండీ. ఒళ్ళంతా నొప్పులే" అని నవ్వాడు. లోపలనుంచి నాగమణి కూడా నవ్వింది. దెబ్బల చప్పుడు మాత్రం ఆగలేదు.

నేను ఆమె వైపు తిరిగాను. ఆమెని నేనెప్పుడూ ఆ మాట అడగలేదని అప్పుడు తట్టింది.

"నీకేమ్మా? నీకేమైనా నొప్పులున్నాయా?"

"నాకేం నొప్పండీ" అంది తలెత్తకుండా. అచ్చు రంగులో అద్ది, గుడ్డ మీద ఆనించి, పిడికిలితో రెండు దెబ్బలు వేసింది. "నాకేమీ లేదండి."

నేను లేచి వెళ్ళి ఆ పిడికిలి పట్టుకున్నాను. వేళ్ళు విప్పమన్నాను. వెంటనే విప్పలేకపోయింది.